భీమునిపట్టణపు నల్లయిసుక

విశాఖపట్టణమునుండి సముద్రపుటొడ్డు వెంబడి ఈశాన్యముగా సుమారు 25 కిలోమీటర్లు పోయినచో భీమునిపట్టణము వచ్చును. గోస్తనీనది సముద్రమున గలియు తావది. దారిలో ఎఱ్ఱమట్టి దిబ్బలు, ఊరిలో డచ్చివారి పాతసమాధులు, దీపస్తంభము, కొండమీద నరసింహస్వామి కోవెల. యాత్రకు బోవువారు చూచివచ్చునవి ఇవి. సోదరీమణులారా! నేను చెప్పబూనినది వీనిని గూర్చి కాదు. మనమందఱము తొక్కుకొనిపోవు ఇసుకను గూర్చి.

మా రెండవ అమ్మాయికి తొమ్మిదేండ్లు. ఇంట నెంత చుఱుకో బడిలో నంత మౌనము. ప్రశ్న వేసినచో తల వంచుకొని నిలుచును. మా వారు ఉపాధ్యాయులు. పరుల బిడ్డలకు చదువు చెప్పువారి యింట నిట్టి బిడ్డ యున్నచో నలుగురు నేమందురో అను చింత నాకు మిక్కుటముగా నుండెను. సంక్రాంతి సెలవులకు ముందు జరిగిన పరీక్షలో 'అయస్కాంతము' అను పాఠమున ఆమెకు సున్న వచ్చినది. ఆ పాఠమును వల్లె వేయించినది నేనే. నా చిన్ననాట మా తండ్రిగారు అమరమును, కావ్యములను వల్లె వేయించియే నాకు చదువు చెప్పిరి. మఱియొక మార్గము నే నెఱుగను. కోపము పట్టజాలక "నీకు చదువు రాదు" అంటిని. బిడ్డ యేడ్వలేదు. పుస్తకము మూసి మెల్లగా లేచిపోయినది. ఏడ్చియున్న నాకింత బాధ కలుగకపోవును.

పండుగకు భీమునిపట్టణమున నున్న మా అక్కగారి యింటికి బోయితిమి. అక్కగారి కుమారుడు పాడైన రేడియోను విప్పి, అందలి స్పీకరునుండి గాజువలె గుండ్రనైన అయస్కాంతపు బిళ్లను దీసి మా అమ్మాయి కిచ్చెను. సాయంకాలము సముద్రమునకు బోవుచు ఆమె దానిని కూడ దెచ్చుకొన్నది. అలల కంచున ఆడుచుండగా బిళ్ల చేజాఱి యిసుకలో బడెను. పైకి దీయునప్పటికి దానికి నల్లని గడ్డము మొలచియుండెను. వ్రేళ్లతో నెంత దులిపినను ఆ రేణువులు రాలవు. పాడైపోయెనని బిడ్డ భయపడెను గాని, ఆ భయము క్షణకాలమే. పిదప నా యొడ్డున గూర్చుండి, చీకటి పడువఱకు లేవలేదు.

మఱునాడు ఉదయమున నేనును ఆమెతో గూర్చుంటిని. ఈ మాఱు బిళ్లను పలుచని కాగితములో జుట్టితిమి. ఇట్లు చేసినచో ఇసుకరేణువులు కాగితమునకే యంటును; కాగితము విప్పగనే రాలిపోవును. అట్టి రేణువులను ఒక పళ్లెములో గూర్చితిమి. గడియసేపటికి అమ్మాయి నా కొంగు పట్టి లాగి, "అమ్మా! అంటుకొనవలసిన దంతయు అంటుకొన్నది. అయినను ఇచ్చట నల్లని యిసుక మిగిలియే యున్నది. ఇది యేల యంటుకొనదు?" అని యడిగెను.

నేను వల్లె వేయించిన పాఠములో దీనికి సమాధానము లేదు. పుస్తకములో లేని ప్రశ్న ఆ బిడ్డ నోట వచ్చినదని నాకప్పుడు తోచెను.

మా వారి నడిగితిమి. తూర్పుకనుమల రాళ్లు ఎండకు వానకు శిథిలమై, వాగులలోను నదులలోను గొట్టుకొనివచ్చి సముద్రమున జేరును. అలలు తేలికయైన తెల్లని పలుగురేణువులను వెనుకకు లాగికొనిపోయి, బరువైన వానిని ఒడ్డున విడుచును. మనము చేటతో చెఱుగునపుడు పొట్టు పోయి గింజ నిలుచునట్లే యిది. ఆ నిలిచిన నల్లయిసుకలో మాగ్నెటైట్ అనునది సూదంటురాతి జాతి. అది వెంటనే యంటుకొనును. ఇల్మెనైట్ అనునది మఱియొకటి. అందును ఇనుము గలదు గాని, సామాన్యమైన అయస్కాంతము దానిని లేవనెత్తజాలదు. నడుమ మెఱయు గులాబిరంగు రేణువులు గార్నెట్లు. ఇనుము పేరు గలది యెల్లయు అంటుకొనునను నా నమ్మకము అచ్చటనే తొలగినది.

అంతటితో అమ్మాయి వంటయింటిమీద బడెను. ఇనుప అట్లకాడ అంటుకొన్నది. ఇత్తడిచెంబు, రాగిబిందె, నా మెడలోని బంగారము అంటుకొనలేదు. స్టీలుగ్లాసులలో కొన్ని యంటుకొన్నవి, కొన్ని యంటుకొనలేదు. స్టీలులో అధికభాగ మినుమే. అయినను అందు గలిపిన యితరలోహములనుబట్టి గుణము మాఱునట. మేము ప్రోగుచేసిన నల్లయిసుకను ఒక తెల్లకాగితముపై పలుచగా జల్లి, క్రింద బిళ్లను బట్టి కాగితమును వ్రేలితో మెల్లగా తట్టితిమి. రేణువులు తమంత తామే వరుసలు దీరి ముగ్గువలె నిలిచినవి. ఇనుపరజను కొనవలసిన పని లేకపోయెను.

ఇక సూది. బిళ్లయొక్క ఒకే ముఖముతో, కుట్టుసూదిని మొదలునుండి కొనవఱకు ఒకే దిక్కుగా నలుబది మాఱులు రాచితిమి. ప్రతిమాఱును చేయి పైకెత్తి మరల మొదటికి దేవలెను, వెనుకకు రాయరాదు. బిళ్లను దూరముగా బెట్టి, మేడమీద ఇత్తడిపళ్లెములో నీరు పోసి, రావియాకు ముక్కపై సూది నుంచి విడిచితిమి. ఆకు మెల్లగా దిరిగి యొకచోట నిలిచెను. ఎన్నిమాఱులు ద్రిప్పినను అటే నిలిచెను. అమ్మాయి ఆ దిక్కునకు నేలపై సుద్దతో గీత గీసెను.

రాత్రియైన పిదప ఆ గీత చివర నిలిచి ఆకాశము జూచితిమి. భీమునిపట్టణమున ధ్రువుడు క్షితిజమునకు సుమారు 18 డిగ్రీల యెత్తుననే యుండును. చేయి చాచి పిడికిలిపై పిడికిలి యుంచినచో, రెండు పిడికిళ్లకు కొంచెము తక్కువ. మా గీత పోయిన దిక్కుననే యా నక్షత్రము నిశ్చలముగా మినుకుమినుకు మనుచుండెను. అయస్కాంతము చూపు ఉత్తరమునకును ధ్రువుని యుత్తరమునకును కొంత భేదము గలదు గాని, మన ప్రాంతమున నది మిక్కిలి స్వల్పము.

"సూదికి ఉత్తరమెట్లు తెలిసినది?" అని యామె యడిగెను. అయస్కాంతము ఇనుమును లాగుటను కాళిదాసు కుమారసంభవములో నుపమానముగా జెప్పెననియు, కణాదమహర్షి వైశేషికసూత్రములలో సూది మణివైపు కదలుటకు కారణము 'అదృష్టము' అనెననియు చెప్పితిని. బిడ్డ విస్తుపోయి, "సూదికి అదృష్టమా, అమ్మా?" అనెను. అందఱమును నవ్వితిమి. అచ్చట అదృష్టమనగా కలిసివచ్చుట కాదు, కంటికి గానరానిది. 1600 సంవత్సరమున విలియం గిల్బర్టు అను ఆంగ్లవైద్యుడు భూమియే యొక పెద్ద అయస్కాంతమని గ్రంథము వ్రాసెను. భూగర్భమున ద్రవరూపమున నున్న ఇనుము కదలుచుండుటచే ఆ శక్తి కలుగుచున్నదని నేటివారు చెప్పుదురు. ఇవన్నియు విని ఆమె, "అయినను కంటికి గానరాదు గదా!" అనెను. నిజమే. కంటికి గానరానిది చేతికి దెలిసినది.

ఆ రాత్రి నేనామెను దగ్గఱకు దీసికొని, నాడు నేనన్న మాట తప్పని చెప్పితిని. ఆమె యేమియు ననలేదు. నా ప్రక్కనే పండుకొన్నది. మఱునాడు ప్రయాణమునకు ముందు ఇసుకనంతయు దెచ్చిన చోటనే పోసి వచ్చితిమి.

సోదరీమణులారా! మీ యూర సముద్రము లేకున్న నేమి? వాన వెలసిన పిదప వీధికాలువ ప్రక్కన మేటవేసిన ఇసుకలో వెదకిచూడుడు, కొంచెమైన దొరకకపోదు. ఒక్క హెచ్చరిక మాత్రము మఱువకుడు. ఆటవస్తువులలో వచ్చు చిన్నచిన్న బలమైన అయస్కాంతపు గుండ్లను పసివాండ్రకు దొరకనీయరాదు. రెండింటిని మ్రింగినచో అవి కడుపులో ఒకదాని నొకటి లాగికొని ప్రేవులను నొక్కి ప్రాణాపాయము దెచ్చును. మ్రింగిరను అనుమానము కలిగినను జాగు సేయక ఆసుపత్రికి గొనిపోవలెను.

మా అమ్మాయి బడిలో ఇప్పటికిని మితభాషిణియే. ఇంట మాత్రము ఆమె ప్రశ్నలకు అంతు లేదు. పాఠము చెప్పుటకు ముందు ఆ వస్తువును ఆమె చేతి కిచ్చుట నే నిప్పుడు నేర్చుకొనుచున్నాను.