అమ్మ గుండె, ముప్పై ఫ్రేములు

మైనస్ 16.5.

రిపోర్టులో ఆ అంకె చూడగానే నా చేతులు చల్లబడిపోయాయి. మూడు నెలల కిందట అదే చోట మైనస్ 20 ఉంది.

అమ్మకి రొమ్ము క్యాన్సర్. కీమోలో ఇచ్చే డాక్సోరుబిసిన్ లాంటి మందులు కొందరిలో గుండె కండరాన్ని దెబ్బతీస్తాయి. అందుకే మధ్యమధ్యలో ఎకో తీసి 'స్ట్రెయిన్' చూస్తారు. గుండె ముడుచుకున్నప్పుడు కండరం పొడవు ఎంత శాతం తగ్గుతుందో చెప్పే లెక్క అది. పొడవు తగ్గుతుంది కాబట్టి మైనస్ గుర్తు. మొదటి అంకెతో పోలిస్తే 15 శాతానికి మించి పడిపోతే డాక్టర్లు జాగ్రత్తపడతారు. ఫోన్లో కాలిక్యులేటర్ తీసి చూశా. పదిహేడున్నర శాతం!

"మందు మార్చాల్సి రావచ్చు" అన్నారు డాక్టర్ గారు. కాసేపాగి, "ఈ ఎకో ఎక్కడ తీయించారు?" అని అడిగారు.

మొదటిది హైదరాబాద్‌లో, ఆయన దగ్గరే. అమ్మకి ప్రయాణం కష్టమవుతోందని రెండోది ఖమ్మంలో తీయించి, సీడీ పట్టుకొచ్చా. దాన్నే ఇక్కడి కంప్యూటర్‌లో వేసి స్ట్రెయిన్ కొలిచారు.

"అయితే ఏదైనా తేల్చేముందు మా మెషీన్ మీదే ఇంకోసారి తీద్దాం."

ఎకో గదిలో టెక్నీషియన్ అక్క నా మొహం చూసి అడిగింది.

"తమ్ముడూ, వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే ఏమైతది?"

"క్వాలిటీ తగ్గుతది."

"డాక్యుమెంట్‌గా పంపితే?"

"ఉన్నదున్నట్టు పోతది."

"ఇదీ అంతే."

గుండె గోడలో కనిపించే బూడిదరంగు చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేములో వెతుక్కుంటూ వెళ్తుందట. మెషీన్‌లోని రా డేటాలో సెకనుకు అరవై, డెబ్బై ఫ్రేములు ఉంటాయి. సీడీలోకి డైకామ్ ఫైల్‌గా ఎక్కించేటప్పుడు చాలాసార్లు బొమ్మని కుదించి, ముప్పై ఫ్రేములే ఉంచుతారు. అప్పుడు ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య చుక్క ఎక్కువ దూరం జరిగిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాని జాడ తప్పొచ్చు. గుండె బాగా ముడుచుకున్న క్షణమే రెండు ఫ్రేముల మధ్య జారిపోవచ్చు. పైగా ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్‌ది ఒక్కో లెక్క. రెండు కొట్లలో రెండు తక్కెళ్ల మీద తూచి, బరువు తగ్గిందని కంగారుపడ్డట్టు!

విచిత్రం ఏంటంటే, మన కంటికి రెండు వీడియోలూ ఒకేలా కనిపిస్తాయి.

ఈసారి మైనస్ 19 వచ్చింది. మందు మార్చలేదు. ఈసారీ తక్కువే వచ్చి ఉంటే మాత్రం నమ్మి తీరాల్సిందే. ఎకో అబద్ధమని కాదు కదా, పోల్చేటప్పుడు రెండూ ఒకే రకంగా తీసినవై ఉండాలి. అందుకే ఇప్పుడు ఎంత కష్టమైనా అదే మెషీన్ దగ్గరికి తీసుకెళ్తున్నా. "రా డేటా దాచిపెట్టండక్కా" అని ప్రతిసారీ గుర్తుచేస్తున్నా.

ఆ రోజు బయటికొచ్చాక అమ్మ అడిగింది, "ఏమైందిరా నా గుండెకి?"

"ఏం కాలేదమ్మా. పోయినసారి ఫొటో సరిగ్గా పడలేదంతే."

అమ్మ నవ్వింది. "నా ఫొటోలు ఎప్పుడు సరిగ్గా పడ్డాయిలే!"