నాయన రాసిపెట్టిన తేదీలు

2024 జనవరి. కనుమ వెళ్లిన మరునాడు. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు పోయే దారిలో, సముద్రపు గాలి తగిలేంత దూరంలో ఒక ఊరు. వరండాలో మంచం మీద పాస్‌పోర్టు, లావుపాటి ఫైలు, ల్యాప్‌టాప్ ముందేసుకుని ఆమె కూర్చుంది. రొయ్యల గుంటల కాడ నుంచి వచ్చిన నాయన కాళ్లు కడుక్కుంటూ అడిగాడు.

''ఏందమ్మా, పొద్దున్నే ఇవన్నీ ముందరేసుకున్నావు?''

''సెటిల్‌మెంట్ అప్లికేషన్ నాయనా. అన్నీ సరిచూసుకుంటున్నా.''

ఆయన చేతిలో చెంబు ఆగిపోయింది. సెటిల్‌మెంట్ అంటే ఆయనకు తెలిసింది ఒకటే... రిజిస్ట్రారాఫీసులో రాయించే దస్తావేజు.

''ఇంటెనక అరెకరం నీ పేరుతోనే రాయించాలని నేనే అనుకుంటా ఉండా. దానికి నువ్వు కాగితాలు పెట్టుకోవాల్నా?''

ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి.

''భూమి కోసం కాదు నాయనా. నేను అక్కడ ఉండేదానికి.''

''పెళ్లయి ఐదేళ్లాయె. ఇంకా ఉండేదానికి అర్జీ పెట్టుకోవాల్నా?''

పెట్టుకోవాలి మరి. బ్రిటన్‌లో స్థిరపడిన వ్యక్తిని పెళ్లి చేసుకుని వెళ్లే భార్యకో, భర్తకో మొదట ఇచ్చేది 33 నెలల వీసా. తర్వాత మరో 30 నెలలు పొడిగించుకోవాలి. మొత్తం ఐదేళ్లు పూర్తయ్యాక శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవాలి. దానికి పెట్టే ఫారం పేరు 'సెట్-ఎమ్'. 2012 జూలై 9కి ముందు వెళ్లిన వాళ్లకు ఈ నిరీక్షణ రెండేళ్లే. ఆ రోజు నుంచీ అది ఐదేళ్లయింది. ఆమె వెళ్లింది 2019 ఫిబ్రవరిలో. భర్త కంప్యూటర్ ఉద్యోగం రెడింగ్‌లో. ఊళ్లోవాళ్లకు మాత్రం అదీ లండనే.

పేరు లేని ఇల్లాలు

పెళ్లికి ఊరంతా సాక్ష్యం. మూడొందల మంది విస్తళ్లు వేసుకుని తిన్నారు. ఫారానికి ఆ సాక్ష్యం అక్కర్లేదు. భార్యాభర్తలు ఒకే ఇంట్లో కలిసి ఉన్నారని చెప్పే కాగితాలు ఆరు కావాలి. అవి కనీసం మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవై ఉండాలి. గడిచిన కాలమంతటికీ చెందినవై ఉండాలి. ఇద్దరి పేర్లతో గానీ, ఎవరి పేరుతో వారికి అదే చిరునామాకు గానీ వచ్చి ఉండాలి.

మొదటిసారి వీసా పొడిగింపు కోసం ఆ కాగితాలు వెదికినప్పుడు ఆమెకు అర్థమైన సంగతి ఒకటుంది. కరెంటు బిల్లు ఆయన పేరు. నీళ్ల బిల్లు ఆయన పేరు. ఇంటి పన్ను, అద్దె ఒప్పందం, ఇంటర్నెట్... అన్నీ ఆయన పేరే. రెండున్నరేళ్లు ఆ ఇంట్లో వండింది, తుడిచింది, జ్వరానికి పడుకుని లేచింది. కాగితాల్లో చూస్తే ఆ ఇంట్లో ఒక మగమనిషి ఒంటరిగా ఉంటున్నాడు!

ఆమె పేరుతో వచ్చిన మొదటి ఉత్తరం డాక్టరు దగ్గర నుంచి. దాంట్లోనూ చిక్కే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా. డాక్టరు దగ్గర పేరు రాయించిన రోజు భర్త అలవాటుగా తన ఇంటిపేరు చెప్పేశాడు. ముగ్గురు మనుషులు కాదు, ఒక్క మనిషేనని నిరూపించుకోవడానికి ఆమె నానా తంటాలూ పడింది. ఆ తర్వాత పట్టుబట్టి ఇంటి పన్నులో, కరెంటు బిల్లులో తన పేరు కూడా వేయించుకుంది. బ్యాంకులో ఖాతా తెరిచింది. ఇంటికి దగ్గర్లోనే చిన్న ఉద్యోగంలో చేరింది. ఈసారి ఫైలు లావెక్కింది అందుకే.

కూతుర్ని విదేశాలకు పంపే తల్లిదండ్రులు చీరెలూ పచ్చళ్లూ సర్దిపెడతారు. అక్కడ దిగిన నెలలోనే ఒక బిల్లయినా నీ పేరు మీద వేయించుకోమ్మా అని చెప్పేవాళ్లు అరుదు. అది అప్లికేషన్‌కి మాత్రమే పనికొచ్చేది కాదు. భర్త మంచివాడైనా కాకపోయినా ఆమెకంటూ ఒక ఉనికి. భాగస్వామి వీసా మీద వెళ్లిన స్త్రీ గృహహింసకు గురై కాపురం చెడితే, ఐదేళ్లు ఆగకుండానే శాశ్వత నివాసానికి విడిగా దరఖాస్తు చేసుకునే వీలు బ్రిటన్ నిబంధనల్లో ఉంది. 'నన్ను కాదంటే నీ వీసా పోతుంది' అనే బెదిరింపుకు అక్కడ జవాబుందని ఇక్కడి అమ్మానాన్నలకూ తెలిసి ఉండాలి.

ఎనిమిదో హెన్రీ భార్యలు

''పరీక్ష కూడా రాసినానన్నావే, అదేంది?'' అన్నాడు నాయన, కాఫీ గ్లాసు అందుకుంటూ.

'లైఫ్ ఇన్ ది యూకే' పరీక్ష. 24 ప్రశ్నలు, 45 నిమిషాలు. వందకు 75 మార్కులు రావాలి. దానికో పుస్తకం ఉంది. రాజులు, యుద్ధాలు, పార్లమెంటు, పండుగలు అన్నీ చదవాలి. ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లు వరుసగా వంటింట్లో గోడకు అంటించుకుని చదివింది.

''ఆరుగురా! ఆయన్ని ఏ ఫారమూ అడగలేదా?'' అన్నాడు నాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. యుద్ధ నేరాలు చేశారా, ఉగ్రవాదుల్ని సమర్థించారా అని కూడా ఫారంలో ఉంటుందని చెబితే ఆయన ఇంకా నవ్వాడు. ''రొయ్యకి మేతేసేవాడి కూతురు...'' అన్నాడు. అర్జీ ఖర్చు 2,885 పౌండ్లు అని విన్నాక మాత్రం నవ్వు ఆగింది. మన లెక్కలో సుమారు మూడు లక్షలు. ''ఒక గుంట పట్టుబడి'' అన్నాడు మెల్లగా.

తేదీల గడి

తర్వాతి గడిలో ఆమె ఆగిపోయింది. ఈ ఐదేళ్లలో దేశం దాటి ఎన్నిసార్లు వెళ్లారు? ఏ తేదీన వెళ్లి ఏ తేదీన తిరిగొచ్చారు? కారణమేమిటి?

బ్రిటన్ నుంచి బయల్దేరేటప్పుడు అక్కడ ముద్ర వేయరు. చెన్నైలో వేసిన ముద్రల్లో ఒకటి అలుక్కుపోయి, అంకె ఒకటో ఏడో తెలియడం లేదు. నాయన లేచి లోపలికి వెళ్లి నల్ల అట్ట పుస్తకాలు రెండు తెచ్చాడు. గుంటల లెక్కల పుస్తకాలు. పిల్ల ఎప్పుడు వదిలారు, మేత ఎన్ని కిలోలు, నీళ్లలో ఉప్పు ఎంత, పట్టుబడిలో ఎంత కౌంటు వచ్చింది... రోజువారీగా రాసుకునేవి. వాటి మధ్యనే, అదే చేతిరాతతో: '2020 జనవరి 11. అమ్మాయి వచ్చింది. రెండో గుంట ఎండబెట్టినాం.' 'ఫిబ్రవరి 1. అమ్మాయి పోయింది.' 2021 డిసెంబరుది ఉంది. 2023 మేది ఉంది. ఏదీ తప్పిపోలేదు. రాత్రి లండన్‌లో ఎక్కితే తెల్లారి ఇక్కడ దిగుతుంది కాబట్టి ఒక రోజు వెనక్కి లెక్క వేసుకుంటూ ఆమె గడులు నింపింది.

పేజీలు తిప్పుతుంటే 2021 నవంబరు వచ్చింది.

అప్పటికి మొదటి వీసా గడువు తీరింది. పొడిగింపుకు పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు. అలాంటప్పుడు దేశం దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. తిరిగి వెళ్లాలంటే మళ్లీ మొదటినుంచీ రావాలి. అమ్మకు గుండె నొప్పి అని ఫోన్ వచ్చింది ఆ రోజుల్లోనే. 'ఏమైతే అయింది, బయల్దేరు' అన్నాడు భర్త. ఆమే ఆగింది. అమ్మ కోలుకుంటుంది, ఇంకో నెలలో జవాబు వస్తుంది, అప్పుడు నెలరోజులు ఉండి వద్దామనుకుంది. ఆ నిర్ణయం ఆమెదే. ఎవరి మీదా వేయడానికి లేదు.

పెన్నా పొంగిన వారం అది. నవంబరు 20న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారీ తెగింది. అమ్మ పోయింది ఆ రోజే. ఫోన్లో బొమ్మ రాలేదు. ముక్కలు ముక్కలుగా మాటలు మాత్రం వినబడ్డాయి. పినతండ్రి కొడుకు తలకొరివి పెట్టాడని తర్వాత తెలిసింది. జవాబు డిసెంబరు రెండో వారంలో వచ్చింది.

పుస్తకంలో ఆ తేదీకి ఎదురుగా మూడే మాటలు: 'ఆమె పోయింది. మేతెయ్యలేదు.' కింద ఇంకో వరుస: 'అమ్మాయి వచ్చేదానికి లేదు.'

ఆమె పుస్తకం మూసింది. చేసిన ప్రయాణాలన్నిటికీ ఫారంలో గడులున్నాయి.

''కావలి వాళ్లే రాలేకపోయినారమ్మా ఆ రోజు'' అన్నాడు నాయన, ఆమె వంక చూడకుండా. ''నలభై మైళ్లు లేదు. నువ్వెట్ట వస్తావు? మీ అమ్మకి తెలియదా?''

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయనే అడిగాడు.

''ఇది వస్తే నువ్వు ఆ దేశం మనిషివైపోతావా?''

''కాదు నాయనా. పాస్‌పోర్టు మనదే. అక్కడ ఎన్నాళ్లయినా ఉండొచ్చు, అంతే. ఇక్కడికి ఎప్పుడైనా రావచ్చు. వరసగా రెండేళ్లకు మించి బయట ఉండిపోతే మాత్రం పోతుంది.''

''రెండేళ్లు నా కాడ ఎవురు ఉండమన్నారులే. పిలిచిన్నాడు వస్తే చాలు.''

తిరిగి వెళ్లాక ఫిబ్రవరిలో దరఖాస్తు పంపింది. జూలైలో జవాబు వచ్చింది. కార్డు ఫొటో తీసి పంపితే పది నిమిషాల్లో నాయన ఫోన్.

''శాశ్వతం అంటివే. డిసెంబరు 31కి అయిపోతుందని ఉండాదే దీని మీద!''

ఆ ఏడాది చివరికి ప్లాస్టిక్ కార్డులు తీసేసి అంతా కంప్యూటర్లోకి మారుస్తున్నారని, తేదీ కార్డుకే గానీ హక్కుకు కాదని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు.

''అవన్నీ నాకెందుకుగానీ, ఇంక అర్జీలో ఉందని ఆగే పని లేదు గదా?''

''లేదు నాయనా.''

''సరే'' అన్నాడు. ఫోన్ పెట్టేయకుండానే పుస్తకం పేజీలు తిప్పిన చప్పుడు, పెన్ను కోసం వెదికిన చప్పుడు ఆమెకు వినబడింది.