పలక చుట్టూ వదిలిన ఖాళీ

గల్ఫ్‌లో మన అద్దె ఇళ్ళ వంటగది తలుపులు చాలావరకు ఎమ్‌డీఎఫ్‌వే. చట్రం, మధ్యలో ఉబ్బెత్తు పలక ఉన్నట్టు కనిపిస్తాయి గానీ చాలా వాటిలో అంతా ఒకటే షీటు, దాని మీద చెక్కిన డిజైను. నీళ్ళు తగిలితే అంచులు ఉబ్బుతాయే తప్ప గాలిలోని తేమకి పెద్దగా కదలవు. అందుకే అసలైన చెక్కతో తలుపు చేయించాలంటే ఆ కొలతల లెక్క మనలో చాలామందికి కొత్త.

అమలాపురం దగ్గర మా అమ్మమ్మగారి ఇల్లు విప్పేసినప్పుడు, పురుగు పట్టని టేకు పలకలు నాలుగు నా వాటాకి వచ్చాయి. రెండుంపావు అడుగుల ముక్కలుగా కోయించి, పాత చీరల్లో చుట్టి, సూట్‌కేసులో బహ్రెయిన్ తెచ్చుకున్నాను. "అందరూ అక్కణ్ణుంచి బంగారం తెస్తే నువ్వు ఇక్కణ్ణుంచి చెక్క మోస్తున్నావా" అని మా వదిన ఒకటే నవ్వు. దేవుడి అల్మరాకి రెండు తలుపులు. ఒక్కో తలుపుకి రెండు పలకలు పక్కపక్కన అతికించిన ఒక ప్యానెల్. చట్రానికి టేకు ఇక్కడ కొన్నాం. కోత కాస్త తక్కువైతే మళ్ళీ పలక తెచ్చుకోవడానికి ఆ ఇల్లు లేదు. పైగా మరో మూడేళ్ళలో మేం కోనసీమకే వెళ్ళిపోతాం, అల్మరాతో సహా.

మొదట అడిగిన షాపువాళ్ళు ప్యానెల్‌ని గాడి నిండా బిగించి, చుట్టూ జిగురు పెట్టి ఇస్తామన్నారు. సల్మాబాద్‌లో పనిచేసే జగిత్యాల తమ్ముడు ఒకతను ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. "అట్ల బిగిస్తే పలకన్నా పగుల్తది, చట్రమన్నా ఇడుస్తది అక్కా. చెక్క నెమ్ము తాగుతది, మళ్ల ఆరుతది."

చెట్టు ఎదిగిన దిశలో, అంటే పొడుగునా, చెక్క కదలిక లెక్కలోకి రానంత తక్కువ. కదిలేదంతా అడ్డంగానే. మామూలుగా అడ్డకోత కోసిన టేకు పలకలో తేమ ఒక్క శాతం పెరిగితే వెడల్పు వెయ్యి మిల్లీమీటర్లకి దాదాపు 1.9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇక్కడ బయట ఆగస్టులో గాలి తడిగుడ్డలా ఉన్నా, ఏసీ నడిచే మన ఇంట్లో చెక్క తేమ సుమారు 9 శాతం దగ్గర నిలుస్తుంది. అదే కోనసీమ వానాకాలంలో 16 దాకా పోవచ్చు. తేడా 7 శాతం.

మా తలుపు వెడల్పు 400 మిల్లీమీటర్లు, ఎత్తు 700. చట్రం పట్టెలు నాలుగూ 55 చొప్పున. అంటే మధ్య ఖాళీ 290 వెడల్పు, 590 ఎత్తు. పట్టెల్లో గాడి లోతు 10. గాడి అడుగు నుంచి అడుగుకి కొలిస్తే 310, 610. షాపువాళ్ళ పద్ధతిలో ప్యానెల్ ఇదే కొలత. కానీ పైన చెప్పిన లెక్కన ఇంత వెడల్పు ప్యానెల్ కోనసీమలో 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అందుకని వెడల్పు 305 పెట్టాం. ఇరువైపులా రెండున్నర ఖాళీ, ఏడున్నర గాడి లోపల. పూర్తిగా ఉబ్బినా ఇంకా అర మిల్లీమీటరు చొప్పున మిగులుతుంది. ఎత్తుకి మాత్రం 608 చాలు. నేను కాగితం మీద వేసిన లెక్క, తమ్ముడు చేతివాటంతో "ఒక్కో దిక్కు నూలు కన్న జెర తక్కువ" అన్నదీ ఒక్కచోటికే వచ్చాయి. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు.

కోసే ముందు పలకల్ని నెల రోజులు మా హాల్లో ఏసీ గాలికి ఉంచమన్నాడు. ఊరి తేమతో ఉన్నప్పుడే కోస్తే ఈ లెక్కంతా తలకిందులయ్యేది. ప్యానెల్ మందం 18 మిల్లీమీటర్లు, అంచులు వాలుగా చిత్రిక పట్టి గాడిలోకి వెళ్ళేచోట 6కి తెచ్చాడు. ఆ గాడిలోకి వెళ్ళే నాలుక మాత్రం వాలు లేకుండా సమంగా ఉండాలట. వాలుగా వదిలేస్తే ఉబ్బినప్పుడు మేకులా దిగి చట్రాన్ని చీలుస్తుంది. చట్రం మూలలకి జిగురు, ప్యానెల్‌కి పైనా కిందా సరిగ్గా మధ్యలో ఒక్కో చుక్క. దాంతో కదలిక రెండువైపులకీ సమానంగా పంచుకుంటుంది. పాలిష్ బిగించకముందే అంచుల దాకా పట్టాలి. లేకపోతే ఆరి కుంచించుకున్నప్పుడు పట్టె పక్కన తెల్లటి గీత బయటపడుతుంది.

ఆ పనులు జరుగుతున్న రోజుల్లో ముహర్రఖ్‌లో షేక్ ఈసా బిన్ అలీ ఇల్లు చూడటానికి వెళ్ళాం. ఆ గదుల్లో నా కళ్ళు తలుపుల మీదే. కలప పండని ఈ దీవికి టేకు మన తీరం నుంచే పడవల్లో వచ్చేది. నా సూట్‌కేసు ప్రయాణం మరీ అంత వింతదేమీ కాదని వదినకి ఫోటోతో సహా పంపాను.

తలుపులు బిగించాక లోపలివైపు ప్యానెల్ మీద, పట్టె అంచు వెంట పెన్సిల్‌తో సన్నటి గీత గీశాను. ఎండాకాలం సెలవులకి ఏసీ ఆపి నెలన్నర ఊరెళ్ళి వచ్చి చూస్తే రెండువైపులా గీత కనబడలేదు. సుమారు మిల్లీమీటరు చొప్పున లోపలికి జారిపోయింది. తలుపు మాత్రం ఎప్పటిలా మూసుకుంటోంది. ఏసీ వేసిన మూడో వారానికి గీత మళ్ళీ బయటికొచ్చింది. అమ్మకి వీడియోలో చూపిస్తే, "వానాకాలంలో ఆ వీధి తలుపు తీయడానికి మీ తాతయ్య భుజం పెట్టి తోసేవారు" అంది.