బిల్లసర్గం గవులు, బ్రూస్ ఫుట్ వేసిన బాట

నంద్యాల జిల్లాలో బేతంచెర్ల పేరు చెబితే ఎవరికైనా నాపరాయి గుర్తొస్తుంది. ఊరి చుట్టూ గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు, రోడ్డు వెంట బండల దొంతరలు. ఈ నేలలోని సున్నపురాతినే నీళ్లు యుగాల తరబడి తొలిచి, ఊరికి దగ్గర్లోనే బిల్లసర్గం గవులను చేశాయి. బెలూం గుహలు చూడ్డానికి వచ్చే జనంలో ఇటు తిరిగేవాళ్లు తక్కువ. దక్షిణాది ఆదిమానవుడి చరిత్ర రాసేవాళ్లకు మాత్రం ఇటు రాక తప్పదు. అందుకు కారకుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఆయన ఉద్యోగం భూగర్భ సర్వేలో. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించి, ఈ దేశంలోనూ పాతరాతియుగపు మనిషి తిరిగాడని తేల్చాడు. బిల్లసర్గంలో ఎముకలున్నాయని 1840లలోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు గానీ, పట్టించుకున్నవాళ్లు లేరు. చివరికి ఇంగ్లండు నుంచి జీవశాస్త్రవేత్త హక్స్లీ చెబితే మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌లో కదలిక వచ్చింది, పని ఫుట్‌కు పడింది. 1884-85లో ఆయనా, కొడుకు హెన్రీ తవ్వారు. కేథడ్రల్, పర్గేటరీ, చార్నెల్ హౌస్ అంటూ గవులకు చర్చి వాసన కొట్టే పేర్లు పెట్టారు. పుస్తకాల్లో నేటికీ అవే.

మట్టిలోంచి రకరకాల జంతువుల ఎముకలు బయటపడ్డాయి. అందులో ఒక ఖడ్గమృగానికి పురాజీవ శాస్త్రవేత్త లిడెక్కర్ అప్పటి జిల్లా కర్నూలు పేరే పెట్టాడు. పేచీ వచ్చింది మరోచోట. కొన్ని ఎముకలు మనిషి చెక్కిన పనిముట్లేనని ఫుట్ అన్నాడు, యూరప్ గుహల్లో దొరికినవాటితో పోల్చాడు. ఆ పోలిక తొందరపాటే. పైగా ఆ పనిముట్లు తర్వాతివాళ్ల చేతికి అందనే లేదు. అయినా ఎక్కడ, ఎంత లోతున ఏం దొరికిందో రాసిపెట్టాడు గనుక వాదం చావలేదు. 1970లలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి ఈ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిని తవ్వి ఎముక పనిముట్లను, నిప్పు రాజేసిన ఆనవాళ్లను చూపించారు. ఇదే జిల్లాలోని జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వతపు బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లను 2007లో లోకానికి చూపిన రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం కూడా ఫుట్ తవ్విన గవులకు వచ్చింది.

ఆ పొరల్లో చదవాల్సింది ఇంకా మిగిలే ఉంది. గనులు గవుల దరికి రాకుండా ప్రభుత్వం చూడాలి. బెలూం వెళ్లేవాళ్లు ఒక పూట బేతంచెర్లకూ కేటాయించండి. గవుల్లో మట్టిని మాత్రం కదపకండి.