ఱాతిబాటయు సైకిలు టైరును

సైకిలు కొనునపుడు మన గృహస్థులు రంగు చూతురు. గంట మ్రోగించి చూతురు. సీటు నొక్కి చూతురు. నేలను దాకు భాగమును మాత్రము చూడరు. సాఫైన తారురోడ్డుమీద దిరుగువారికి ఈ యుపేక్ష చెల్లునేమో. మా నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతముల పల్లెలకు జెల్లదు. ఇచ్చట ప్రత్తిచేల నడుమ నల్లరేగడి; దానిని దాటినంతనే గులకరాయి; కొండవీటి పాదమునను గోటప్పకొండ పాదమునను మొనలుదేలిన రాళ్ళు. పడమరగా బోయిన మాచర్లవైపు నాపరాయి, మార్కాపురమువైపు పలకరాయి. మన పిల్లలు అక్షరములు దిద్దుకొనిన యా పలకరాయియే బాటలో జీలి నిలిచినపుడు కత్తివలె గోయును. వీనికితోడు పల్లేరుకాయలు, సర్కారుతుమ్మ ముండ్లు. చెప్పబోయిన గొండవీటి చేంతాడగును.

ఇది యల్పవిషయమని పాఠకులు తలపవచ్చును. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి బాలిక యొకతె కొండక్రింది పల్లెనుండి నాలుగు మైళ్ళు సైకిలుమీద వచ్చుచుండెను. ఒక్క నెలలో నైదుమార్లు వెనుకచక్రము చతికిలబడెను. ఐదవమాఱు సైకిలును నడిపించుకొనుచు, దీపములు పెట్టిన పిదప నిల్లు చేరెను. మఱునాటినుండి బడికి రాలేదు. మేము వారి యింటికి బోగా నాయనమ్మ గడపలోనే యనెను: "పొద్దుగూకి ఇల్లు చేరే చదువు మా ఆడపిల్లకు వద్దు నాయనా." మిరపకాయలు తొడిమలు దీయించుచున్న తండ్రి తలయెత్తి, "సైకిలు కొనిచ్చాను గదా మాస్టారూ, దాని రాత అట్లా ఉంటే నేనేం చేసేది?" అనెను. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు గుంటూరున శారదానికేతనము స్థాపించి బాలికలకు విద్య గఱపిన ప్రాంతములో, నూఱేండ్లు గడచిన వెనుక నొక బాలిక చదువు టైరు చిల్లుమీద నాధారపడియుండుట మాకు సహింపరాలేదు. నాయనమ్మ భయము నాక్షేపింపజాలము, చీకటిబాట చీకటిబాటయే. ఉపన్యాస మిచ్చుటకంటె టైరును బరీక్షించుట మేలని తోచినది.

ఆ సైకిలు పట్టణపు టంగడిలో కొన్నది. పర్వతముల కెక్కు సైకిలను పేరిట నమ్మినారట. పైన దిట్టమైన రబ్బరుబుడిపెలు, చూడ నేనుగుపాదము. పంక్చరు వేయు వృద్ధుడు ట్యూబును దీసి నీళ్ళలో ముంచి మాకు జూపెను. "ముల్లయితే ఒక్కటే బొక్క పడుద్దండీ. ఇక్కడ చూడండి, పక్కపక్కనే రెండు. పాము కాటేసినట్టు." గాలి చాలని చక్రము ఱాతికి గొట్టుకొనినపుడు ట్యూబు ఱాతికిని రిమ్ముకును నడుమ నలిగి రెండు గంట్లు పడును. మఱి రెండుమార్లు తెగినది టైరు ప్రక్కగోడ. బుడిపెల క్రింద నెంత రబ్బరున్న నేమి? ఱాయి కోయునది ప్రక్కను. ఆ ప్రక్కగోడ చొక్కాగుడ్డవలె పలుచగా నుండెను.

గుడ్డయని యూరక యనలేదు. ఆంగ్లమున టైరను మాటకు వస్త్రధారణార్థముగల పదమే మూలమని భాషావేత్తలు చెప్పుదురు. 1888లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరుగొట్టమును గట్టినపుడు దానిపై జుట్టినది బట్టయే. అటుపిమ్మట చాలకాలము టైరుల లోపలి పోగులు ప్రత్తినూలువే, ఇపుడు నైలానువి. రబ్బరు పైపూత మాత్రమే, బలము పోగులది. అంగుళమునకు నెన్నిపోగులో మంచి టైరులపై టీపీఐ యని యచ్చు వేయుదురు. ప్రత్తి పండించు మనకు నూలునంబరు సంగతి తెలిసినదే: నంబరు హెచ్చినకొలది పోగు సన్నము. ఇచ్చటను నంతే. 120 పోగుల టైరు తేలిక, మెత్తన, పందెముల కనుకూలము; రాళ్ళకు లోకువ. 27 మొదలు 60 వఱకు గలవి మోటు, బరువు. కాని సామాన్యముగ గోతకు నిలుచును. ఒక చిక్కున్నది. కొందఱు తయారీదారులు రెండుమూడు పొరల పోగులను గలిపి లెక్కజెప్పుదురు. కావున నంకెను నమ్మి యూరకుండక ప్రక్కగోడను బొటనవ్రేలికిని జూపుడువ్రేలికిని నడుమ నొక్కి చూడవలెను. అచ్చట నదనపు బట్టపొర యున్న టైరులు దొరకును. పది రూపాయ లెక్కువైనను నవియే గ్రాహ్యములు.

కొలతలయందు మోసము మఱింత సులభము. మేము టైరు కొనబోయిన దుకాణమున 26×1⅜ అని గల దానిని జేతికిచ్చి, "ఇరవైయాఱే గదండీ" యనిరి. కాదు. భిన్నముతో వ్రాసిన యా టైరు 590 మిల్లీమీటర్ల రిమ్ముది, దశాంశముతో 26×2.1 అని వ్రాసినది 559 మిల్లీమీటర్లది. పేరొక్కటే, రిమ్ములు వేఱు. ఒకటి రెండవదానికి బట్టదు. టైరుపై 37-590, 54-559 అను నంకెలు కూడ నుండును. వానిని జదివి కొనువాడు మోసపోడు.

బుడిపెలనుగూర్చి యొక్కమాట. దగ్గఱదగ్గఱగా నున్నవి వానకాలమున రేగడిమట్టిని బట్టుకొని విడువవు. చక్రము పిండిముద్ద యగును. ఎడమెడముగా నున్నవి మట్టిని విదిల్చును. రబ్బరు గట్టిదైన చిరకాలము నిలుచును, తడిరాతిపై జాఱును; మెత్తనిది రాతిని బట్టును, త్వరగా నఱుగును. కావున మెత్తనిదానిని ముందునకును, బరువు హెచ్చుగ మోయు వెనుకచక్రమునకు గట్టిదానిని వేయుట యుక్తము. పంక్చరే కాని ఘనరబ్బరు టైరులు కలవు గాని, రాళ్ళపై నవి యెముకలు కదల్చును. ట్యూబు లేని టైరులలో పోయు ద్రవము మన వేసవి వేడికి కొన్ని నెలలకే యెండిపోవును. ట్యూబే మనకు మేలు. పంక్చరు దుకాణము ప్రతియూర గలదు.

రెండు టైరులు, చేతిపంపు, పంక్చరు సామాను ఒకటి కొనబడినవి. తండ్రియే సొమ్మిచ్చెను. గాలి ముప్పదియైదు పౌండ్లకు దగ్గకుండ జూచుకొనుమని బాలికకు జెప్పితిమి. ట్యూబు విప్పి ముక్క యంటించుట వృద్ధుడు నేర్పెను. నాయనమ్మ ప్రక్కనే కూర్చుండి చూచి, "ముల్లు ఎక్కడుందో ముందు వేలితో తడిమి తియ్యవే, లేకపోతే మళ్ళీ గుచ్చుకుంటది" అనెను. పొలములో నెడ్లబండి నెఱిగిన మనిషి!

ఆ బాలిక యిపుడు పదవతరగతి. ఈ నడుమ వెనుకటైరు బుడిపె లఱిగినవి. ముందుదానిని వెనుకకు మార్చి క్రొత్తదానిని ముందునకు వేయుదునని తానే చెప్పినది. మిరప యమ్మగానే సొమ్మిత్తునని తండ్రి యన్నాడట.