గుంపులో గొంతు

పాఠం చెప్పడానికి ఏం కావాలండీ? ఓ నల్లబల్ల, ఓ సుద్దముక్క, ఎదురుగా నాలుగు ముఖాలు. తిరుపతిలో ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఏళ్ళపాటు ఆ మూడింటితోనే తెలుగు చెప్పాను. 2020లో ఆ మూడూ ఒక్కసారిగా పోయాయి.

ఆ ఏడు మార్చి 20న కొండమీద భక్తుల దర్శనాలు ఆపేశారు. అయిదు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. ఎప్పుడూ యాత్రికులతో కిటకిటలాడే అలిపిరి దారి బోసిపోయింది. హాస్టలు పిల్లలు పెట్టెలు సర్దుకుని ఎవరి పల్లెలకు వాళ్ళు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకు కబురొచ్చింది, రేపటినుంచి పాఠాలు ఫోనులో చెప్పాలని!

మా ఇంట్లో సిగ్నలు బాగా వచ్చేది వంటింట్లోనే. గట్టుమీద బియ్యం డబ్బా, దానిమీద కందిపప్పు డబ్బా, దానికి ఆనించి ఫోను. వెనకాల గిన్నెలు కనబడకుండా ఓ దుప్పటి కట్టాను. "పాఠం అయ్యేదాకా ఇటు రాకండి" అని మావారికి చెప్పే ఉంచాను. అయినా సరిగ్గా గురువూ లఘువూ దగ్గర, బనియనుతో మంచినీళ్ళకని రానే వచ్చారు. పిల్లలంతా ఎంతో భక్తిగా "నమస్కారం సార్" అన్నారు!

ఆ రోజు పాఠం ఛందస్సు. 'యమాతారాజభానసలగం' - గణాల లెక్కంతా ఈ ఒక్క మాటలో ఉంది. 'యమాతా' అంటే ఒక లఘువు, రెండు గురువులు, అది యగణం. 'మాతారా' మూడూ గురువులే, అది మగణం. తరగతిలో అయితే అరవై మంది ఒక్క గొంతుతో అందుకుంటారు, కిటికీలు అదురుతాయి. ఫోనులో "అనండమ్మా" అన్నాను. అంతే, సంతలో పడ్డట్టయింది! ఒకరు 'సలగం' దగ్గరుంటే ఇంకొకరు 'యమాతా' మొదలెడుతున్నారు. మాట చిన్న చిన్న ముక్కలై ప్రయాణం చేస్తుందనీ, ఒక్కో ఇంటినుంచి ఒక్కోలా ఆలస్యమవుతుందనీ మా అబ్బాయి చెప్పాడు. పైగా నలుగురూ ఒకేసారి మాట్లాడితే పెద్దగొంతుదే పైచెయ్యట. లోకం తీరు ఫోనుకూ అబ్బింది!

ఇక లాభంలేదని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాను. ఒకరి వెనకాల కుక్కరు కూత, ఒకరి వెనకాల ఆవు అంబా, ఇంకొకరి వెనకాల "ఆ ఫోను పక్కనపెట్టి రామ్మే, అంట్లు అట్లనే ఉండాయి" అని అవ్వ కేక.

ఆ రోజుల్లో బడిపిల్లలకు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి. మంచి పాఠాలే. కానీ ఎవరు రాలేదో టీవీలో పంతులమ్మకు తెలియదు. నాకు తెలిసేది. పలమనేరు దగ్గరి పల్లెపిల్ల ఒకతె నాలుగు రోజులైనా పలకలేదు. ఫోను చేస్తే వాళ్ళ నాన్న ఎత్తాడు.

"ఇంట్లో ఉండేది ఒకటే ఫోను మేడమ్. పొద్దున పాలు పోసేసి టమోటా తోటకాడికి నేను తీసుకుపోతాను. సాయంత్రం మావోడి ఇంటరు క్లాసు. ఆ పిల్ల పుస్తకం చూసి చదువుకుంటాదిలే."

"రాత్రి ఎనిమిదిన్నరకు ఇస్తావా అన్నా?"

"అప్పుడు నాకేం పని మేడమ్? ఇస్తాను."

ఆ ఒక్క పిల్లకోసమని ఎనిమిదిన్నరకు మళ్ళీ పాఠం పెట్టాను. తీరా చూద్దును కదా, పదకొండు మంది! అందరిదీ ఒకటే కథ. ఫోను నాన్నదో అన్నదో, తీరిక అంట్లు తోమాక దొరికే ఆ గంటే. పలమనేరు పిల్ల తరగతిలో రెండేళ్ళూ గుంపులో కలిసిపోయిన గొంతు. ఆ రాత్రి పద్యపాదాన్ని ఒక్క తప్పు లేకుండా గణాలుగా విడగొట్టి చెప్పింది. మేకల కొట్టం పక్కన నిలబడి చెప్పిందట, సిగ్నలు అక్కడే ఉందని.

కాలేజీలు తెరిచాక 'యమాతా' మళ్ళీ కిటికీలు అదరగొడుతోంది. వినడానికి బాగానే ఉంటుంది. అది అయ్యాక మాత్రం వెనకబెంచీ మొదలుకొని ఒక్కొక్కరినీ చెప్పమంటాను.

మీ ఇంట్లోనూ ఫోను ఒకటే, చదివే పిల్లలు ఇద్దరూ అయితే, ముందు ఎవరి చేతికి వెళుతోందో ఓసారి చూడండి. అంట్లదేముంది, కాసేపు ఆగుతాయి.