చోడి పిండి వాఫిల్, మన పొలం గట్టు

పోస్టు కాస్త పెద్దదే. వంట ముచ్చటలా మొదలవుతుంది గానీ, మీతో మాట్లాడాల్సిన విషయం చివర్లో ఉంది. ఓపిగ్గా చదవండి.

మాది పాడేరు ఏజెన్సీ. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. నా క్లాసులో ఒక స్నేహితురాలికి సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది కడుపులోకి వెళ్తే తన పేగులు దెబ్బతింటాయి. ఆ గింజలు జీవితాంతం మానేయడం తప్ప వేరే వైద్యం లేదు. చపాతీ, పూరీ, ఉప్మా, బ్రెడ్డు, బిస్కెట్టు ఏదీ తినదు. క్లాసులో ఎవరి పుట్టినరోజైనా కేకు కోస్తుంటే చప్పట్లు కొట్టి ఊరుకుంటుంది. ఇక వాళ్ళక్క వేగన్. మాంసం, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టదు.

ఒక ఆదివారం వాళ్ళింటికి బ్రంచ్‌కి పిలిచారు. బ్రంచ్ అంటే టిఫినూ భోజనమూ కలిపి పదకొండింటికి తినడం. మనూళ్ళో పొద్దున్నే అంబలి తాగి పొలానికి పోయి, ఎండెక్కాక తింటాం చూడండి, ఇంచుమించు అదే. వాళ్ళింట్లో వాఫిల్ మెషిన్ ఉంది. వాఫిల్ అంటే రెండు గళ్ళ పెనాల మధ్య పిండి పోసి కాల్చే మందపాటి రొట్టె. గ్లూటెన్ లేని పిండి ప్యాకెట్టు ఖరీదని వాళ్ళు ఎప్పుడో గాని చేసుకోరు. ఇంటి నుంచి తెచ్చుకున్న చోడి పిండి నా దగ్గరుంది, తెస్తానన్నాను. అదేనండి, బయట రాగి పిండి అంటారు.

నేను వెళ్ళగానే వాళ్ళమ్మగారు అడిగిన మొదటి మాట, "ఏ మిల్లులో ఆడించారమ్మా?" మంచి ప్రశ్న. చోళ్ళలో గ్లూటెన్ ఉండదు గానీ, గోధుమలు ఆడిన మిల్లులోనే ఆడిస్తే ఆ పిండి కొంచెం కలుస్తుంది. ఆ కొంచెమే తనకి చేటు. "మా నానమ్మ తిరగలి మీద విసిరింది ఆంటీ, ఆ తిరగలి గోధుమ మొహం ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాను. ఆవిడ నవ్వి గిన్నె ఇచ్చారు.

చేసిన తీరు రాస్తున్నాను, కావాలంటే దాచుకోండి. గోధుమపిండిలో గ్లూటెన్, మామూలు వాఫిల్లో గుడ్డు కలిసి పిండిని పట్టి ఉంచుతాయి. ఆ రెండూ లేకపోతే రొట్టె విరిగిపోతుంది. అందుకని రెండు చెంచాల చోడి పిండిని అర కప్పు నీళ్ళలో జావలా ఉడికించి చల్లార్చాను. జావ జిగురే గుడ్డు పని చేస్తుంది. అందులో బాగా ముగ్గిన అరటిపండు ఒకటి మెదిపి, మూడు చెంచాల బెల్లం కరిగించి పోశాను. కప్పు చోడి పిండి, కరకరలాడ్డానికి అర కప్పు బియ్యప్పిండి, రెండు చెంచాల నూనె, చిటికెడు ఉప్పు వేసి, గరిటె జారుగా వచ్చేదాకా నీళ్ళు పోసి కలిపి పది నిమిషాలు ఉంచాను. అర చెంచా వంటసోడా, చెంచా నిమ్మరసం మాత్రం కాల్చే ముందే కలపాలి. అవి కలవగానే గాలి బుడగలు పుడతాయి, ఆలస్యమైతే పోతాయి. మెషిన్ బాగా వేడెక్కాక నూనె రాసి పిండి పోసి మూత వెయ్యాలి. ఆవిరి రావడం తగ్గేదాకా మూత తియ్యకూడదు. తొందరపడితే రొట్టె రెండుగా చీలుతుంది. మెషిన్ లేనివాళ్ళు దోసె పెనం మీద చిన్న మందపాటి అట్లు పోసుకోవచ్చు, గళ్ళు రావు అంతే. పైన తేనె బదులు బెల్లం పాకం.

నా స్నేహితురాలు మూడు తింది. "ప్యాకెట్ వెనకాల చదవకుండా తిని ఎన్నాళ్ళైందో" అంది. వాళ్ళక్క రంగు చూసి చాక్లెట్ వాఫిల్ అనుకుంది. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఇదే రంగు అంబలి నా సీసాలో చూసి, "ఏంటే, బురద తాగుతున్నావా" అని ఒకమ్మాయి అందరి ముందు అంది. పిండి అదే, రంగు అదే. ఆకారం మారితే మర్యాద మారిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అడిగింది మన దేశమే. వంద గ్రాముల చోళ్ళలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అంతే బరువు ఆవు పాలలో కంటే రెట్టింపు పైనే. పట్నం వాళ్ళకి ఇది తెలిసింది, కొంటున్నారు. మరి మన ఇళ్ళలో? సెలవులకి వెళ్ళినప్పుడు చూస్తే, గట్టు మీద మా చోడి చేను సగానికి తగ్గింది. సామలైతే వెయ్యనే లేదు. అడిగితే మా అమ్మ, "ఎవులు తింటారే? కోటా బియ్యం ఉన్నాయి కదా. నువ్వు హాస్టల్లో, తమ్ముడు హాస్టల్లో. నూర్చాలి, దంచాలి, విసరాలి, నాను ఒక్కదాన్నే" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కష్టం తనది.

మన తిండి వేగన్, మనం ముందే కనిపెట్టాం అని స్టేటస్‌లు పెట్టుకోవద్దు. మనం చేప తింటాం, పండగకి కోడి కోస్తాం. మా ఇంట్లో ఆవు పాలు పితకరు, అవి దూడవి అంటారు, అంతవరకే. గొప్పలు కాదు నాకు కావాల్సింది. పొలంలో చోళ్ళు ఉండాలి. తినేవాళ్ళు లేకపోతే వెయ్యరు, ఏళ్ళ తరబడి వెయ్యకపోతే ఇంట్లో దాచిన విత్తనం మొలవదు. తరవాత మన విత్తనం మనమే ప్యాకెట్లో కొనుక్కోవాలి.

అందుకే అన్నలకి, అక్కలకి, తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఒక మాట. ఈసారి ఇంటికి వెళ్తే కుండల్లో, బుట్టల్లో ఏ విత్తనాలున్నాయో అడిగి, మీ ఊళ్ళో పిలిచే పేరుతోనే రాసుకోండి. నూర్పులకి ఇంట్లో ఉంటే రోకలి మీరూ పట్టండి, తమ్ముళ్ళు కూడా. హాస్టల్ మెస్ కమిటీలో ఉన్నవాళ్ళు వారానికి ఒక్క పూట చోడి జావ అడగండి. నేను మా మెస్‌లో అడిగాను, ఇంకా ఒప్పుకోలేదు, మళ్ళీ అడుగుతాను. అమ్మకి మాత్రం ఫోన్లో చెప్పాను, ఈ ఏడు సామలు ఒక మడి వెయ్యమని, దంచడానికి నేనొస్తానని. "చూద్దాం" అంది.

మీ ఊళ్ళో ఏం మిగిలాయో కింద రాయండి. జై ఆదివాసీ.